ఈగలు తోలుకునే పని

పొద్దున్న ఎనిమిది నలభై. బయట ఉప్పల్ రోడ్డు మీద రోహిణి కార్తె ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నువ్వు కూర్చున్న గదికి కిటికీ లేదు. ఇక్కడ ఏ కార్తె అయినా 25 డిగ్రీలే. గదంతా ఒకటే వాసన: ఉడికిన మొక్కజొన్న జావ, దాని మీద పులిసిన కల్లు. మొదటిరోజు కడుపులో తిప్పింది. ఇప్పుడు ముక్కు పట్టించుకోవడం మానేసింది.

ఎదురుగా మైక్రోస్కోపు. దాని కింద అరచేతి వెడల్పున తెల్లటి ప్యాడ్. ప్యాడ్ సన్న రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తూంటుంది, చెవి దగ్గర పెడితే బుస్సుమని వినిపిస్తుంది. గాజు సీసా నోట్లో ఉన్న దూది బిరడా పక్కనుంచి సూది దూర్చి గ్యాస్ వదులుతావు. గోడల మీద పాకుతున్న ఈగలు ఒక్కొక్కటే జారి అడుగున పడతాయి. సీసాను బోర్లించి ప్యాడ్ మీద తడతావు. నువ్వులు ఒలికినట్టు ఓ నూట యాభై ఈగలు. చావలేదు, మత్తులో ఉన్నాయంతే. ఎక్కువసేపు ఉంచితే నిజంగానే చస్తాయి, కాబట్టి చేయి ఆడాలి.

చేతిలో బొమ్మలు వేసుకునే సన్నటి బ్రష్షు. ముందు మగవాటిని పక్కకు నెడతావు. పొట్ట చివర గుండ్రంగా, నల్లగా ఉంటే మగది. ముందుకాళ్ల మీద దువ్వెన పళ్లలాంటి నల్లటి వరస కనిపిస్తే ఇంక అనుమానమే లేదు. మిగిలినవన్నీ ఆడవి, వాటిలోనూ నీకు పనికొచ్చేవి కొన్నే. ఒళ్లు పాలిపోయినట్టుండి, పొట్ట పలచటి చర్మం కింద ముదురు ఆకుపచ్చ చుక్క కనిపించేవి. ప్యూపాగా మారకముందు తిన్న తిండి తాలూకు మలం అది. బయటపడ్డ కొద్ది గంటలకే పోతుంది. చుక్క ఉందంటే ఈగ ఇప్పుడిప్పుడే పుట్టిందని, ఇంకా ఏ మగదానితోనూ జత కట్టలేదని లెక్క. ల్యాబ్‌లో వీటిని వర్జిన్లంటారు, ఏ మొహమాటమూ లేకుండా. ‘ఇవాళ ఎన్ని వర్జిన్లు దొరికాయి?’ అని కారిడార్ ఈ చివరి నుంచి ఆ చివరికి అరుస్తారు. ఆ మాటను ఇంట్లో ఎలా చెప్పాలో నీకు తెలియలేదు.

నిన్న రాత్రి ఫోన్లో నాన్నకు ‘ఈగల్ని ఏరుతున్నాను నాన్నా, ఆడవి ఓ పక్క, మగవి ఓ పక్క’ అన్నావు. ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘ఈగలు తోలుకోడానికి అంత దూరం ఎల్లాలేటమ్మా? మన కొట్లో లేవేటి?’ అన్నారు. నరసన్నపేటలో ఆయనది చిన్న కిరాణా కొట్టు. బేరం లేని మధ్యాహ్నాలు ఆయన నిజంగానే బెల్లం దిమ్మల మీద ఈగలు తోలుతుంటారు. నవ్వారు గానీ ఆ నవ్వు కింద దిగులు వినిపించింది నీకు.

చుక్క ఉన్నవి ఏడే దొరికాయి. క్రాస్‌కు, అంటే ఎంచిన ఆడవాటినీ మగవాటినీ జత కట్టించడానికి, పది కావాలి. ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అక్క చెప్పిన గడువు దాటలేదు కదా, ఆ గడువులో పుట్టినవాటికి చుక్క లేకపోయినా ఫర్వాలేదంది కదా అనుకుని, ఇంకో మూడు ఆడ ఈగల్ని బ్రష్షుతో ఎత్తి కొత్త సీసాలో వేస్తావు. పైన ఐదు మగ ఈగలు. దూది బిరడా. చీటీ. నోట్‌బుక్కులో రాస్తావు: ‘రాత్రి 9.30కి సీసా ఖాళీ చేశాను, 25 డిగ్రీలు. పొద్దున్న 8.40, పది వర్జిన్లు.’

ఈ ఒక్క వాక్యం దగ్గరికి మళ్లీ వస్తాం.

ఇక్కడికి ఎలా వచ్చావంటే, పోయిన అక్టోబరులో జువాలజీ మేడమ్ క్లాసయ్యాక ఆపి చెప్పిన ఒక్క మాట వల్ల. దేశంలో మూడు పెద్ద సైన్స్ అకాడమీలున్నాయి: బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలో ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగరాజ్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్. ఈ మూడూ కలిసి ఏటా వేసవిలో విద్యార్థులను రెండు నెలలపాటు ఎక్కడో ఒక శాస్త్రవేత్త దగ్గరికి పంపుతాయి, ఖర్చులకు నెలనెలా కొంత డబ్బిచ్చి మరీ. దరఖాస్తులో నీకు ఏ విషయం మీద పని చేయాలనుందో, ఎందుకో రాయాలి. నాలుగు రాత్రులు పట్టింది. మొదటి మూడు రాత్రులూ పాఠ్యపుస్తకం నీ చేత రాయించింది, నాలుగో రాత్రి నువ్వు రాశావు. మేడమ్ సిఫారసు రాశారు. కాలేజీలో ఇంకెవరికీ ఈ సంగతి తెలియదు. నోటీసు బోర్డు మీద ఉన్న కాగితం పోయిన ఏడాది ఫీజు గడువుది.

ఆమదాలవలసలో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, మెట్రోలో మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ దాటాక వచ్చే స్టేషన్లో దిగావు. స్టేషన్ పేరే ఎన్‌జీఆర్‌ఐ. ఒక పరిశోధన సంస్థ పేరుతో రైల్వే స్టేషనుండటం చూడటం నీకదే మొదటిసారి. ఆ రోడ్డు మీద రసాయనాలవాళ్లు, భూగర్భం చదివేవాళ్లు, జీవకణం చదివేవాళ్లు వరసగా ఉన్నారు. హాస్టల్ గురించి చెప్పడానికేమీ లేదు. మంచం ఉంది, ఫ్యాను తిరుగుతుంది.

మొదటి వారం నీకిచ్చిన పని ఈగలకు వంట. పెద్ద గిన్నెలో నీళ్లు, మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, అగర్. ఉండ కట్టకుండా కలుపుతూనే ఉండాలి. మీ అమ్మమ్మ చోడి అంబలి కాచేటప్పుడు తెడ్డు తిప్పినట్టే. వంటగది చూసుకునే అన్నది యాదాద్రి దగ్గరి ఊరు. నువ్వు బూజు పట్టకుండా పోసే ప్రొపియానిక్ ఆసిడ్ సీసా మూత తీయబోతే చేయి పట్టి ఆపాడు. ‘ఆగు బిడ్డా, జరంత చల్లారనియ్. గరం మీద పోస్తివనుకో, కండ్లు మండుతయ్, ఆసిడ్ ఆవిరైపోతది.’ చల్లారాక పోసి, కలిపి, వందల సీసాల్లో రెండు వేళ్ల మందాన వంచావు. ఇంతవరకూ పరిశోధన ఏదీ అని నీకు లోపల గొణుగుడు. అది మూడో రోజు. పదో రోజుకు తెలిసిందేమంటే, జావ పలచనైతే ఈగలు అందులో కూరుకుపోయి చస్తాయి, గట్టిపడితే లార్వాలు తవ్వుకోలేవు. గిన్నె దగ్గర తప్పు జరిగితే మైక్రోస్కోపు దగ్గర ఎవరూ దిద్దలేరు.

డ్రోసోఫిలా బొమ్మ వేసి ఇంటర్లో మార్కులు తెచ్చుకున్నావు. దాన్ని నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నావన్న సంగతి మాత్రం ఇక్కడికొచ్చాకే తట్టింది. అరటి గెల చుట్టూ, మాగిన పనస పండు చుట్టూ, కల్లు కుండ చుట్టూ ముసురుకునే ఆ చిన్న ఈగే ఇది. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ 1910లో ఎర్రకళ్ల ఈగల మధ్య ఒక తెల్లకళ్ల మగ ఈగను పట్టుకున్నాడు. ఆయన ‘ఈగల గది’ పొడవు 23 అడుగులు, వెడల్పు 16. ఈగలుండేది పాలసీసాల్లో. ఆ సీసాలు కడగడానికి పెట్టుకున్న డిగ్రీ కుర్రాడు కాల్విన్ బ్రిడ్జెస్, మురికి సీసా మందపాటి గాజులోంచే ఒక ఈగ కళ్ల రంగు తేడాగా ఉందని గుర్తుపట్టాడు. ఇంకొక డిగ్రీ కుర్రాడు ఆల్‌ఫ్రెడ్ స్టర్టివాంట్ 1911లో ఒక రాత్రి కాలేజీ హోంవర్కు పక్కన పడేసి, అంతవరకూ పోగైన లెక్కల్ని ముందేసుకుని కూర్చుని, ఒక క్రోమోజోము మీద జన్యువులు ఏ వరసలో, ఎంతెంత ఎడంగా ఉన్నాయో గీశాడు. ప్రపంచంలో మొదటి జన్యుపటం అది. మన దగ్గర రెండో ఏడాది కుర్రాణ్ని ల్యాబ్‌లో ‘ఏదీ ముట్టుకోకు’ అంటాం. కొలంబియాలో ముట్టుకోనిచ్చారు, తేడా అక్కడే ఉందని నా లెక్క.

నీకిచ్చిన ప్రశ్న చిన్నదే. హంటింగ్టన్ అని మనుషులకొచ్చే ఒక నరాల జబ్బుంది. ఒక జన్యువులో సీఏజీ అనే మూడక్షరాలు వరసగా 40 సార్లో, ఇంకా ఎక్కువసార్లో పడితే ఆ జబ్బు తప్పదు. ఆ జన్యువు ముక్కను ఈగలో పెట్టారు, కానీ అది నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపాలంటే స్విచ్ కావాలి. ఆ స్విచ్ పేరు గాల్4, ఈస్టు నుంచి తెచ్చింది. దీన్ని ఈగలో వాడే పద్ధతిని ఆండ్రియా బ్రాండ్, నార్బర్ట్ పెరిమన్ 1993లో ప్రచురించారు. స్విచ్ కంట్లో మాత్రమే పడేలా ఏర్పాటు చేస్తే జబ్బు కంట్లోనే కనిపిస్తుంది. ఈగ బతికే ఉంటుంది, తిరుగుతుంది, గుడ్లు పెడుతుంది.

మామూలు ఈగ కంటిని మైక్రోస్కోపులో చూడటం మొదటిసారి మరిచిపోలేవు. దాదాపు 750 చిన్న కళ్లు తేనెపట్టు గదుల్లా ఆరు మూలలతో ఒకదానికొకటి ఒరుసుకుని, ఒక్క వరస కూడా తప్పకుండా. జబ్బు ముక్క మేల్కొన్న కన్ను అలా ఉండదు. తేనెపట్టును ఎవరో బొటనవేలితో అదిమినట్టు, గదులు కలిసిపోయి, గరుకుగా, అక్కడక్కడా రంగు వెలిసి ఉంటుంది. ఇంకొక జన్యువులో మార్పు తెస్తే ఈ గరుకుతనం తగ్గుతుందా, పెరుగుతుందా? అదీ నీ ప్రశ్న. నీ సీసాలోని మగ ఈగల్లో స్విచ్చూ ఉంది, ఆ మార్పూ ఉంది. ఆడ ఈగల్లో నిద్రపోతున్న జబ్బు ముక్క ఉంది. పుట్టే ప్రతి ఈగకూ అన్నీ రావాలి.

25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ దాకా పది రోజులు. నీ చేతిలో ఉన్నది 56 రోజులు. ఎంత పరుగెత్తినా ఐదు తరాలు.

మృగశిర కార్తె వచ్చింది. నాంపల్లిలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరి ఉంటారని అక్క చెబుతోంది. అక్కది కర్నూలు, పీహెచ్‌డీ నాలుగో ఏడు. నువ్వు వినడం లేదు. ప్యాడ్ మీద నీ మొదటి క్రాస్ పిల్లలు పడున్నాయి. 63. ఒక్కొక్క కన్నూ చూస్తూ బ్రష్షుతో రెండు కుప్పలు చేస్తున్నావు. గరుకు, గరుకు, గరుకు. ఆగు. నున్నగా ఉంది. మళ్లీ గరుకు. మళ్లీ ఇంకొకటి నున్నగా, తేనెపట్టు గదుల్లా. లెక్క పూర్తయ్యేసరికి నున్నటివి పదకొండు.

గుండె గొంతులో కొట్టుకుంటోంది. జబ్బు తగ్గింది. నీ జన్యువు కాపాడింది. నాలుగో వారంలోనే!

‘అక్కా, ఒక్కసారి రా.’

అక్క కళ్లద్దాలు పైకి తోసి చూసింది. చాలాసేపు చూసింది. ‘బాగున్నాయి’ అంది. తర్వాత, ‘కాపాడితే అన్నిటినీ కాపాడాల కదా. పదకొండిటినే ఎందుకు కాపాడింది?’

నీ దగ్గర జవాబు లేదు.

‘నోట్‌బుక్కు తీయి.’

తీశావు. అక్క వేలు ఆ వాక్యం మీద ఆగింది. రాత్రి 9.30. పొద్దున్న 8.40. 25 డిగ్రీలు. అక్క వేళ్ల మీద లెక్కేసింది, పదకొండు గంటల పది నిమిషాలు. 25 డిగ్రీల్లో పుట్టిన ఆడ ఈగ సుమారు ఎనిమిది గంటల దాకానే మగదాన్ని దగ్గరికి రానివ్వదు. రాత్రంతా ఉంచాలంటే సీసాను 18 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెట్టాలి, అక్కడ చల్లదనానికి అన్నీ నిదానిస్తాయి, పదహారు గంటల దాకా భయం లేదు. అక్క చెప్పిన గడువు ఆ 18 డిగ్రీల గడువు. నువ్వు గడువు గుర్తుపెట్టుకుని డిగ్రీలు మరిచిపోయావు. చుక్క లేని ఆ మూడు ఈగలూ తెల్లవారుజామునే తమ సీసాలోని మగవాటితో జతకట్టేశాయి. ఆడ ఈగ ఆ బీజాల్ని ఒంట్లో దాచుకుని రోజుల తరబడి వాడుకుంటుంది. నున్నటి కళ్ల పదకొండూ నువ్వు పెట్టిన మగవాటి పిల్లలు కావు. వాటికి స్విచ్చే రాలేదు. జబ్బు తగ్గడం కాదు, మొదలే కాలేదు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క చూడనట్టే ఉంది. ‘మంచి పని చేసినావు’ అంది. నువ్వు తలెత్తావు. ‘25 అని రాసినావు కదా. రాయకుంటే మనం రెండు నెలలు ఈ పదకొండు ఈగల ఎంటబడి తిరిగేవాళ్లం. నేను మొదటేడు రాయలేదు. తిరిగినాను.’

అయినా అనుమానం అనుమానంగా ఉండిపోకూడదు, రుజువు కావాలి. ఈగలకు పితృత్వ పరీక్ష చేద్దామంది అక్క. ఇదే రోడ్డు మీది, జీవకణం చదివే సీసీఎంబీలో లాల్జీ సింగ్ 1980లలో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని తయారుచేశారు. తండ్రి ఎవరన్న తగువులు కోర్టుల్లో ఆ పద్ధతితో తేలాయి. నీ తగువు అంతకన్నా తేలిక. ఈగలో గాల్4 ఉందా, లేదా అంతే.

ఒక్కొక్క ఈగను ఒక్కొక్క చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వేసి, కొద్దిగా ద్రావణంతో పైపెట్ మొనకేసి నలుపుతావు. 37 డిగ్రీల్లో అరగంట, తర్వాత 95లో కాసేపు. పైన తేరుకున్న ద్రవంలో దాని డీఎన్‌ఏ ఉంటుంది. అందులోంచి ఒక మైక్రోలీటరు, అంటే ఆవగింజంత చుక్క, పీసీఆర్ గొట్టంలోకి. యంత్రం వేడెక్కుతుంది, చల్లారుతుంది, వేడెక్కుతుంది, ముప్పై అయిదు సార్లు. నువ్వు కోరిన ముక్క ఉంటే ప్రతి విడతకూ రెట్టింపవుతుంది. సాయంత్రం జెల్ పోశావు. గడ్డకట్టాక గట్టి పెరుగులా ఉందది. అందులో నిలబెట్టిన దువ్వెన తీస్తే వరసగా గుంటలు. నీలి రంగు కలిపిన డీఎన్‌ఏను గుంటలోకి దించేటప్పుడు చేయి వణికి మూడో గుంట అడుగు పొడిచేశావు. నీలం మేఘంలా పక్కకు పోయింది. ఫర్వాలేదు, ఇంకొక గుంటలో వేశావు. కరెంటు పెట్టావు. నలభై నిమిషాలు.

చీకటి గదిలో తెర మీద చూస్తే, చివర గుంటలో కొలతకు వేసిన ల్యాడర్ మెట్లు మెట్లుగా మెరుస్తోంది. మిగతా గుంటలన్నీ నల్లగా. గరుకు కళ్లవీ నలుపే, నున్నటి కళ్లవీ నలుపే. గాల్4 ఖాయంగా ఉందని తెలిసిన ఈగ గుంట కూడా నలుపే.

‘ఏం కలిపినావో వరసగా చెప్పు’ అంది అక్క. నీళ్లు, బఫర్, న్యూక్లియోటైడ్లు, ప్రైమర్లు, డీఎన్‌ఏ. చెప్పి ఆగిపోయావు. ట్యాక్ వేయలేదు. డీఎన్‌ఏను కాపీ చేసే ఎంజైమే వేయలేదు. అది ఫ్రిజ్ లోపల మంచు డబ్బాలో అలాగే కూర్చుని ఉంది.

మెస్‌లో చపాతీలు చల్లారిపోయాయి. తింటూ అక్క ఆ ఎంజైమ్ కథ చెప్పింది. అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కులో వేడినీటి ఊటలున్నాయి. 1966లో ఇండియానా విశ్వవిద్యాలయం ఆచార్యుడు థామస్ బ్రాక్ వెంట ఒక డిగ్రీ విద్యార్థి పనిచేశాడు, పేరు హడ్సన్ ఫ్రీజ్. ఊటల్లోంచి తెచ్చిన నమూనాల్ని 70 డిగ్రీల వేడిలో పెంచాడు. అంత వేడిలో ఏదీ బతకదనే అప్పటి నమ్మకం. మష్రూమ్ స్ప్రింగ్ నుంచి తెచ్చిన నమూనాలో ఒక బ్యాక్టీరియా హాయిగా పెరిగింది. థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టి 1969లో ఇద్దరూ ప్రచురించారు. అదెందుకు పనికొస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు, ఎవరూ అడగనూ లేదు. 1983లో క్యారీ మల్లిస్‌కు పీసీఆర్ ఆలోచన వచ్చింది. కానీ మామూలు ఎంజైమ్ వేడికి చచ్చిపోయేది, ప్రతి విడతకూ మళ్లీ పోయాల్సి వచ్చేది. చావని ఎంజైమ్ ఆ ఊట బ్యాక్టీరియాలో దొరికింది. ట్యాక్ అన్నది దాని పేరు కుదింపే. మల్లిస్‌కు 1993లో నోబెల్ వచ్చింది. కోవిడ్ కాలంలో ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతివాడూ పీసీఆర్ అన్న మాట పలికాడు. ఆ డిగ్రీ విద్యార్థి పేరు ఎంతమందికి తెలుసు?

‘నువ్వు వేయడం మరిచిపోయింది ఆ పిల్లోడు పట్టుకున్నదాన్నే’ అని అక్క నవ్వింది. నీకూ నవ్వొచ్చింది, మధ్యాహ్నం నుంచి మొదటిసారి.

మర్నాడు ట్యాక్ వేశావు. ఈసారి తెర మీద, గరుకు కళ్ల ఈగల గుంటలన్నిటిలో ఒకే ఎత్తున తెల్లటి గీత. నున్నటి కళ్లవి పదకొండూ నలుపు. ఆ నలుపును చూసి ఇంత సంతోషపడతావని ఎవరన్నా అంటే నమ్మేదానివి కాదు. ఫొటో ప్రింటు తీసి నోట్‌బుక్కులో అతికించావు, తేదీ వేశావు.

క్రాస్ మళ్లీ పెట్టావు. ఈసారి ఆడవాటిని ఏరే సీసా రాత్రంతా 18 డిగ్రీల్లో. అలారం పొద్దున్న అయిదుకు. తర్వాతి మూడు వారాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: ఏరడం, పెట్టడం, లెక్కించడం, రాయడం. రెండుసార్లు ఒకే ఫలితం వచ్చింది. నీకిచ్చిన జన్యువు గరుకుతనాన్ని తగ్గించలేదు, పెంచలేదు. ఏమీ చేయలేదు.

ఏడో వారం శుక్రవారం ల్యాబ్ మీటింగ్‌లో ఇదే చెప్పాలి, ఇంగ్లీషులో. ఎదురుగా మలయాళీలు, బెంగాలీలు, ఒక మణిపురి అబ్బాయి, వెనకాల ల్యాబ్ నడిపే మేడమ్. తెలుగు మీడియంలో చదివిన నోరు ఎండిపోయింది. రెండో స్లైడు దగ్గర మాట ఆగిపోతే, మేడమ్ తన ఇంగ్లీషును తనే సగానికి విరిచి చిన్న ప్రశ్న వేశారు. ‘ఎన్ని ఈగలు?’ ‘412 మేడమ్.’ అంకెలు వచ్చాక మాట దానంతటదే వచ్చింది. నున్నటి కళ్ల పదకొండు సంగతి దాచకుండా చెప్పావు. ఎవరూ నవ్వలేదు. ఆ మణిపురి అబ్బాయి మాత్రం 18 డిగ్రీల ఇంక్యుబేటర్ తలుపు మీద పెద్దక్షరాలతో కాగితం అంటిస్తే మేలన్నాడు. మరుసటి సోమవారానికి కాగితం అంటుకుని ఉంది.

ఏమీ చేయలేదన్నది కూడా ఫలితమేనా అని నీకు అనుమానం. ఫలితమే. రేపు ఆ జన్యువు మీద రెండేళ్లు పెట్టబోయేవాడికి ఆ రెండేళ్లు మిగులుతాయి. పరీక్ష పేపర్లో ‘ఏమీ జరగలేదు’ అని రాస్తే సున్నా. ఇక్కడ 412 ఈగల్ని లెక్కపెట్టి ఆ మాట రాస్తే ఫైల్లో దాస్తారు.

ఒక మాట పక్కకు వెళ్లి చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి చేశాక, డబ్బు కట్టించుకుని, నాలుగు వీడియోలు చూపించి, బంగారు అంచు సర్టిఫికెట్ ఇచ్చే దుకాణాలు పుట్టగొడుగుల్లా లేచాయి. పిల్లల్ని తప్పుపట్టను, కాగితం అడిగేది మనమే. కానీ ఇలాంటి వేసవి ఫెలోషిప్పుకు నిన్ను డబ్బు అడగరు, వాళ్లే నీకు ఇస్తారు. తేడా పట్టుకోవడానికి అంతకన్నా సులువైన గుర్తు లేదు.

చివరి రోజు. రిపోర్టు పంపేశావు. ల్యాబ్‌వాళ్లు ఉప్పల్ నుంచి బంగినపల్లి మామిడిపళ్లు తెచ్చారు. సీజను అయిపోవచ్చింది, ఒకటి రెండు మరీ మగ్గాయి. బుట్ట మీద నాలుగు చిన్న ఈగలు. అక్క చేత్తో తోలబోయింది. నువ్వు వంగి చూస్తున్నావు, మైక్రోస్కోపు లేకుండానే, పొట్ట చివర నలుపుందా లేదా అని.

నరసన్నపేటలో దిగిన సాయంత్రం కొట్లో బేరం లేదు. నాన్న బెల్లం దిమ్మ దగ్గర విసనకర్ర ఆపి, ‘ఇందులో ఆడవేవో మగవేవో చెప్పు చూద్దాం’ అన్నారు. అవి వేరే ఈగలు నాన్నా అని నువ్వు చెప్పేలోపలే నీ ల్యాబ్ నోట్‌బుక్కు అడిగి తీసుకుని, ఇంగ్లీషు రాకపోయినా, ఒక్కొక్క పేజీ తిప్పారు. తేదీలు, గంటలు, అంకెలు. కొట్టు ఖాతా పుస్తకం రాసే మనిషి. ‘లెక్క బాగా రాసినావు’ అన్నారు.

ఇది చదువుతున్న డిగ్రీ లెక్చరర్లకు, అమ్మానాన్నలకు ఒక మాట. మూడు అకాడమీల వేసవి ఫెలోషిప్పుకు దరఖాస్తులు వేసవిలో తీసుకోరు. అక్టోబరు, నవంబరు నెలల్లోనే తీసుకుంటారు. అధ్యాపకులు కూడా పెట్టుకోవచ్చు. బెంగళూరు జవాహర్‌లాల్ నెహ్రూ సెంటర్, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వేసవి కార్యక్రమాలకూ వేసవికి చాలా ముందే గడువు ముగుస్తుంది. అమెరికాలో ఉన్నవారికి అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987 నుంచి ఆర్‌ఈయూ పేరుతో ఇలాంటివే నడుపుతోంది, వాటి సొమ్ము అక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే. ఏప్రిల్లో తెలిసినవాడికి ఇవేవీ దొరకవు. దసరా సెలవులకు ఇంటికొచ్చే పిల్లలకు ఈ సంగతి ఈ ఏడాదే చెప్పండి.